పచ్చడి జాడీకి ఆనించిన ఫోను

ఆ శుక్రవారం పొద్దున్నే షీబా వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. పదకొండుకల్లా వంట అయిపోవాలి. పన్నెండుకు దోహాలో ఉన్న మొగుడు అరుణ్‌కి ఫోన్లో సీరీస్ పెట్టాలి. ఒంటిగంటకు కోడూరు సెంటర్లో అవనిగడ్డ బస్సెక్కాలి. రెండున్నరకు లెక్కల పరీక్ష రాయాలి. చీకటి పడేలోపు ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాలి. మధ్యలో రెండేళ్ళ కూతురు ఎలీసబెతుకి అన్నం పెట్టడం, అది గొంతుకు అడ్డం పడకుండా చూడటం, బస్సు కుదుపులకు కక్కుకోకుండా ఒళ్ళో పట్టుకోవడం లాంటివి ఆమె లెక్కలోకి రాలేదు. అవి ఎప్పుడూ ఉండేవే.

పరీక్ష సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తొమ్మిదో తరగతితో ఆగిపోయిన షీబా పోయినేడు ఓపెన్ స్కూల్లో పదోతరగతి కట్టింది. అందరికీ చెప్పి మరీ రాసింది. లెక్కల్లోనూ సైన్సులోనూ పోయింది. ఆ కబురు దోహా చేరిన రోజు, అరుణ్ గదిలోనే ఉండే జీవన్ కుమార్, "ఏం ఫర్లేదు బావా, మీ ఆవిడా మీ పాపా ఒకే బెంచీ మీద కూచుని రాస్తార్లే" అన్నాడు. గదిలో ఎనిమిది మందీ నవ్వారు. వాళ్ళలో అరుణ్ కూడా ఉన్నాడు. ఫోన్లో ఆ నవ్వులు విన్న షీబా ఫోను పెట్టేసింది. మర్నాడే వెళ్ళి రెండు సబ్జెక్టులకీ మళ్ళీ ఫీజు కట్టేసి వచ్చింది. వచ్చే ఏడాది వీధి చివర అంగన్‌వాడీ టీచరు దిగిపోతుంది. ఆ కుర్చీకి పదోతరగతి పాసు కావాలి. షీబాకి ఆ కుర్చీ కావాలి. ఈసారి పాసయ్యాకే నోరు విప్పుతానని ఒట్టు పెట్టుకుంది.

ఇక సీరీస్ సంగతి. ఒక పాత బంగళాలో వారానికొకరు చొప్పున చచ్చిపోయే కథ అది. దోహాలో ఆ యాప్ తెరిస్తే, "ఈ వీడియో మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఏదో దొంగదారి ఉందని గదిలో ఉమాశంకర్ అన్నాడు గానీ, పట్టుబడితే ఉద్యోగం ఊడుతుందని మిగతావాళ్ళు భయపడ్డారు. అందుకని శుక్రవారం శుక్రవారం షీబాయే వాళ్ళకి దారి. టీవీలో సీరీస్ పెట్టి, ఎదురుగా స్టూలు వేసి, దాని మీద మాగాయ జాడీ పెట్టి, కెమెరా మూత పైకి వచ్చేట్టు జాడీకి ఫోను ఆనించి, రబ్బరు బ్యాండుతో బిగించి వీడియో కాల్ చేస్తుంది. ఫోను వెనక కెమెరా టీవీని చూస్తుంది. దోహాలో ఎనిమిది మంది ఫోన్లో టీవీని చూస్తారు.

మొదట్లో వాళ్ళ కేకలతో ఇల్లు మోగిపోయేది. అత్తగారు భాగ్యమ్మ, "ఎనిమిది మంది మగాళ్ళ గొంతులు నట్టింట్లో ఏంటే" అని చిరాకుపడేది. ఆ బెంచీ మాట విన్న తర్వాత షీబా ఒక పాత ఇయర్‌ఫోను తెచ్చి ఫోనుకు గుచ్చింది. అప్పటినుంచి ఎనిమిది మంది గోలా ఆ తీగలోపడి, జాడీ పక్కన సన్నగా చీమల చప్పుడంత వినిపిస్తోంది.

పన్నెండుకు చివరి భాగం మొదలైంది. షీబా ఫోను బిగించి వంటింట్లోకి వెళ్ళగానే, ఎలీసబెతు స్టూలు దగ్గరికి వచ్చింది. తెర మీద నాన్న కనిపించాడు. నాన్న ముక్కు పట్టుకోబోయింది. వేలు ముక్కుకు తగలకుండా దాని కింద ఉన్న కెమెరా తిప్పే బొమ్మకు తగిలింది. వెనక కెమెరా ఆగిపోయి ముందు కెమెరా వెలిగింది. పాప అరటిపండు కోసం వంటింట్లోకి పోయింది.

షీబాకి తెలియని సంగతేమిటంటే, అక్కణ్ణించి దోహాలో బంగళా మాయమై కోడూరు నట్టిల్లు ప్రత్యక్షమైంది. శబ్దం మాత్రం టీవీదే. గుండెలదిరే సంగీతం మోగుతుండగా షీబా చుట్టూ చూసుకుంటూ వచ్చి, మంచం మీద పరుపెత్తి, ఒక ప్లాస్టిక్ కవరు తీసి సంచిలో దాచింది. వెనక ఎవడో ఇన్‌స్పెక్టరు బొంగురు గొంతుతో, "ఈ ఇంట్లో ఒకరు మనందర్నీ మోసం చేస్తున్నారు" అన్నాడు.

"ఏంటి బావా, చెల్లెమ్మ ఏదో దాచింది" అన్నాడు జీవన్ కుమార్.

షీబా పాప గౌన్లు రెండు, పాలసీసా, తన ఆధార్ కార్డూ సంచిలో కుక్కింది. జడ వేసుకుంటూ అద్దంతో, "ఇవాళ అటో ఇటో తేలిపోవాలి. ఎన్నాళ్ళని పడతాను" అంది. వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి. అంతలో భాగ్యమ్మ పెరట్లోంచి వచ్చింది.

"ఎక్కడికే తయారయ్యావు?"

"పాపకి జలుబు చేసింది అత్తయ్యా. అవనిగడ్డలో డాక్టరుకి చూపించి, అచ్చమ్మ పిన్నినోసారి చూసి వస్తాను." పరీక్ష అయ్యేదాకా పాపని అచ్చమ్మ పిన్నికే అప్పగించాలన్నది పథకం.

పక్కనే ఎలీసబెతు అరటిపండు నోటినిండా పెట్టుకుని, ముక్కు పొడిగా, కిలకిలా నవ్వుతోంది.

"పిల్ల నిక్షేపంలా ఉంది కదరా" అన్నాడు దోహాలో ఒకడు.

అరుణ్ అరిచాడు. ఆ అరుపు ఇయర్‌ఫోను తీగలోనే ఉండిపోయింది. కాల్ కట్ చేసి మళ్ళీ చేస్తానంటే గది మొత్తం అడ్డం పడింది. "కట్ చేశావంటే ఎటు వెళ్ళిందో కూడా తెలీదు బావా. మనకున్న ఆధారం ఇదొక్కటే" అన్నాడు జీవన్ కుమార్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. వేరే ఫోన్ల నుంచి చేస్తే బిజీ అని వచ్చింది. మావగారు కొండలరావు రొయ్యల చెరువు దగ్గర చొక్కా మేకుకు తగిలించి నీళ్ళలో దిగాడు. ఫోను చొక్కాలోనే ఉంది. భాగ్యమ్మ ఫోను రీచార్జి లేక మూడు వారాలుగా మూగనోము పట్టింది. చివరికి జీవన్ కుమార్, కోడూరులో ఆటో నడిపే తన అన్న ఆనందరావుకి చేశాడు. అరుణ్ తమ చర్చిలో సంఘపెద్ద దైవసహాయం గారికి చేశాడు. ఆనందరావు దారిలో కనిపించిన షీబా పక్కింటి పెద్దింట్లమ్మకి ఒక ముక్క చెప్పాడు. ఆవిడకి చెప్పాక ఇంకెవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

ఒంటిగంటకు పది నిమిషాలుంది. షీబా పాపని చంకనేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది. ఫోను కోసం వెనక్కి తిరగబోతుండగా ఒక ఆటో వచ్చి గుమ్మానికి అడ్డంగా ఆగింది.

"ఎక్కడికి చెల్లెమ్మా?" అన్నాడు ఆనందరావు దిగకుండానే.

"బస్సుకి అన్నయ్యా. కాస్త ఆటో జరుపు."

"జరపను. నువ్వు బస్సెక్కకూడదు."

ఎవరో తన గుట్టు చెప్పేశారనుకుంది షీబా. ఆ వెనకే దైవసహాయం గారు సైకిలు స్టాండు వేసి, నుదుటి చెమట తుడుచుకుంటూ నేరుగా భాగ్యమ్మ దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా భాగ్యమ్మా, కోడలంటే కూతురుతో సమానం. పిల్లని అంతగా ఏం బాధపెట్టావు?"

"నేనా?" భాగ్యమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "ఏమే షీబా, నా మీద సంఘానికి చెప్పావా? పొద్దున్న నీకు ఇష్టమని గోంగూర తుంచి పెట్టింది నేను కాదూ?"

"నేనెవరికీ ఏం చెప్పలేదు అత్తయ్యా. పెద్దయ్యగారూ, మీకెవరు చెప్పారో నాకు తెలీదు. చెప్పినా సరే. నేను వెళ్ళడం ఖాయం."

"తొందరపడకమ్మా. కట్టుకున్నవాణ్ణి అడక్కుండా వెళ్ళడం తప్పు కాదూ?"

"అడిగితే నవ్వుతారండి. పోయినేడు అందరికీ చెప్పే వెళ్ళాను. ఏమైంది? నవ్వులపాలయ్యాను."

పెద్దింట్లమ్మ గోడ అవతలనుంచి చెంపలేసుకుంది. "పోయినేడు కూడా వెళ్ళావా?"

"వెళ్ళాను. వచ్చే శనివారం కూడా వెళ్తాను. దాంతో సరి."

దైవసహాయం గారు గుమ్మం పట్టుకుని కూలబడ్డారు. ఆయన సంఘపెద్దగా ఉన్న ముప్ఫై ఏళ్ళలో, ఇల్లు వదిలిపెట్టడానికి తేదీలు వేసుకున్న కోడలు తగల్లేదు.

"అక్కడ నీకెవరున్నారమ్మా?" అన్నారు నీరసంగా.

"నాలాంటి వాళ్ళు యాభై మంది ఉన్నారండి. ఒక్కో గదిలో పాతికమంది."

సెంటరు వైపునుంచి బస్సు హారను వినిపించింది. అది దగ్గరై, దూరమై, ఆగిపోయింది. మళ్ళీ బస్సు మూడింటికి. పాపకి పెట్టిన అన్నం అరిగిందో లేదో, పిన్ని దగ్గర ఏడుస్తుందేమో, వరసలూ శ్రేఢులూ మర్చిపోతానేమో అని ఆర్నెల్లుగా పడ్డ బెంగలన్నీ పోయి, ఒంట్లో కోపం ఒక్కటే మిగిలింది.

"అసలు మీ అందరికీ ఎవరు చెప్పారండీ?"

"ఇంకెవరు, మీ ఆయనే" అన్నాడు ఆనందరావు. "అక్కడ ఫోన్లో అంతా చూస్తున్నారంట."

షీబా తిరిగి చూసింది. మాగాయ జాడీ మీద, అరచేయంత తెరలో, ఎనిమిది తలకాయలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి. మూలన చిన్న గడిలో తన సొంత మొహం కనిపించింది. టీవీలో బంగళా కథ అయిపోయి, పేర్లు పడుతున్నాయి.

ఆమె గబగబా వెళ్ళి ఇయర్‌ఫోను పీకేసింది. ఎనిమిది గొంతులు నట్టింట్లో పడ్డాయి.

"షీబా, నన్ను వదిలి వెళ్ళిపోకు" అన్నాడు అరుణ్. "నా వల్ల ఏదన్నా తప్పుంటే చెప్పు. పాపని మాత్రం…"

షీబాకి అప్పుడర్థమైంది. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితం ఫోను ముక్కుకు ఆనించినట్టు పెట్టింది.

"చదవండి. మీ గదికీ మా వీధికీ వినబడేట్టు చదవండి."

"హాల్… టికెట్టు" అన్నాడు అరుణ్. "పదోతరగతి. సబ్జెక్టు, లెక్కలు. సమయం, రెండున్నర." అక్కడ ఆగాడు. "ఇవాళేనా?"

"ఇవాళే. ఒంటిగంట బస్సు మీ వల్ల పోయింది. రెండున్నర దాటితే గేటు వేసేస్తారు. మళ్ళీ రాయాలంటే అప్పటికి అంగన్‌వాడీలో ఇంకెవరో కూచుంటారు. నవ్వండి మరి. బెంచీ మీద పాప పక్కన నాకు చోటు ఉంచమని కూడా చెప్పండి."

దోహాలో ఎవరూ నవ్వలేదు. జీవన్ కుమార్ తల తెరలోంచి కిందికి జారిపోయింది.

గోడ అవతల పెద్దింట్లమ్మ మూతి విరిచింది. "ఇంతోటిదానికా. అయినా పిల్లతల్లికి ఇప్పుడు లెక్కలెందుకమ్మా? ఒకసారి పోయినవి మళ్ళీ వస్తాయా ఏంటి?"

ఆ మాట నిజానికి భాగ్యమ్మదే. పోయినేడాది పొడుగునా ఆవిడ రోజూ ఒక పూట అదే మాట అంటూ వచ్చింది. కానీ అదే మాట గోడ అవతలనుంచి వచ్చేసరికి ఆవిడకి ఎక్కడో మండింది. చేట కింద పెట్టింది.

"మా కోడలికి లెక్కలొస్తే ఏంటి, రాకపోతే ఏంటి? అనాల్సివస్తే నేనంటాను. నీ గోడ మీద నువ్వు పిడకలు కొట్టుకో. ఒరే ఆనందరావూ, ఆటో మా గుమ్మానికి అడ్డం పెట్టావుగా. ఇప్పుడు దాన్నే అవనిగడ్డ వైపు తిప్పు."

"కిరాయి ఉంది అత్తా…"

"మీ తమ్ముడితో చెప్పుకో. వాడేగా పంపింది." అని పాపని షీబా చంకలోంచి లాక్కుంది. "జలుబు చేసిన పిల్లని గాల్లో తిప్పుతావటే?" అంటూ కోడలి కళ్ళలోకి చూసింది. షీబా తలొంచుకుంది.

"పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టండి అత్తయ్యా. అరటిపండు ఇంక వద్దు. చిన్న ముద్దలు…"

"నీ మొగుణ్ణి పెంచింది నేనే. వెళ్ళు."

దైవసహాయం గారు కూడా ఆటో ఎక్కారు. ఆలస్యమైతే పరీక్ష పెట్టేవాళ్ళతో మాట్లాడటానికి ఒక పెద్దమనిషి ఉండాలన్నారు. దారిపొడుగునా ఆయన ప్రార్థన చేశారు, షీబా సూత్రాలు వల్లెవేసింది, ఆనందరావు గుంటల్ని తిట్టాడు. రెండుంబావుకి ఆటో అవనిగడ్డ పరీక్షా కేంద్రం ముందు ఆగింది. షీబా పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. లోపల ప్రశ్నపత్రం తిప్పి చూస్తే, ఆర్నెల్లు వేధించిన శ్రేఢులు రెండు కనిపించాయి. ఆ మధ్యాహ్నం చూసిన మొహాలన్నిటికంటే అవే నయమనిపించాయి.

ఆ సాయంత్రం పాపని నిద్రపుచ్చాక అత్తాకోడళ్ళిద్దరూ చివరి భాగం మొదటినుంచి చూశారు. హంతకుడెవరో తెలిశాక భాగ్యమ్మ, "నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నాను" అంది. ఆవిడ చూసింది ఆ ఒక్క భాగమే.

వారమంతా దోహానుంచి అరుణ్ రోజుకు రెండుసార్లు చేసి, సైన్సు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. జీవన్ కుమార్ చెల్లెమ్మకి సారీ చెప్పమన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టారు. ఆ గదిలో ఎనిమిది మందికీ చివరి భాగం దక్కలేదు. వచ్చే శుక్రవారం ఇంకొక్కసారి పెట్టాలి, లేదా హంతకుడెవరో కనీసం చెప్పాలి.

శుక్రవారం పన్నెండు కొట్టగానే కోడూరు నుంచి కాల్ వచ్చింది. దోహాలో ఎనిమిది మంది టిఫిను పొట్లాలు విప్పుకుని తెర ముందు సర్దుకున్నారు. మాగాయ జాడీ యథాస్థానంలో ఉంది. కెమెరా సరైన వైపే ఉంది. కానీ టీవీ ఉండాల్సిన చోట, స్టూలుకు ఎదురుగా, ఎలీసబెతు పలక నిలబెట్టి ఉంది. పలక వెనక షీబా సైన్సు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పలక మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది.

"ఈ వీడియో మీ ప్రాంతంలో అందుబాటులో లేదు. రేపు నాకు పరీక్ష."

ఎనిమిది మందీ రెండుసార్లు చదివారు. అక్షరదోషం ఒక్కటి కూడా లేదని జీవన్ కుమారే ఒప్పుకున్నాడు.