పెద్దాయనకు ముందు ఏ పైపు?

ఆదివారం ఉదయం అల్లుడు ఫోను పట్టుకుని బాల్కనీలో నిలబడ్డాడు. అతని టర్బో కారును మెకానిక్ షెడ్డులో అందరూ "పెద్దాయన" అంటారు. అక్కడికొచ్చే కార్లలో వయసులో అదే పెద్దది. వచ్చే వారం ఇంటిల్లిపాదీ అందులోనే దూరప్రయాణం. ఈలోగా ఇంట్లో చెప్పకుండా దాచిన డబ్బుతో పొగ గొట్టాల్లో ఒక్కటే మార్పించడానికి వీలుంది. ఇంజనుకు గాలి ఎక్కించే టర్బో దగ్గర్నుంచి కిందికి దిగే ముందు పైపా, వెనకాల సైలెన్సరా? అల్లుడి మనసంతా వెనకదాని మీదే. అది మారిస్తే వీధి చివరిదాకా గర్జన వినిపిస్తుంది మరి!

"పెద్దాయనకి ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తోందన్నా," అంటున్నాడు ఫోనులో మెకానిక్‌తో. "ముందు పైపు మారిస్తే ఊపిరి బాగా ఆడుతుంది, కాదనను. కానీ దానికి మొత్తం పైకెత్తి, కింద కోసి తీయాలి కదా! వెనకదైతే ఒక్క పూటలో అయిపోతుంది."

కాఫీ తెచ్చిన అత్తగారు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. ఆ ఇంట్లో పెద్దాయనంటే ఒక్కరే, ఆవిడ భర్త. కొన్నాళ్ళుగా ఆయనకు తలనొప్పి, కళ్ళు తిరగడం. అల్లుడు ఎలాగో కనిపెట్టి డాక్టరుతో మాట్లాడుతున్నాడనుకున్నారు. ఆ "వెనకది" ఏమిటో ఊహించడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు.

కాఫీ వంటింటికే తిరిగి వెళ్ళింది. తల్లి కన్నీళ్ళు చూసిన కూతురు పరుగున భర్త దగ్గరికొచ్చి, "నిజం చెప్పండి. పెద్దాయనకి ఎలా ఉంది?" అంది.

కారు ఖర్చు సంగతి బయటపడిందనుకున్నాడు అల్లుడు. "నీకెవరు చెప్పారు? లాగినన్నాళ్ళు లాగిద్దాంలే. మీ నాన్నగారికి మాత్రం చెప్పకు, తట్టుకోలేరు."

ఇంకేముంది! కాసేపట్లో పక్కవీధి పిన్ని పళ్ళబుట్టతోనూ, బాబాయి వేలాడేసిన మొహంతోనూ దిగారు. పేపరు చదువుకుంటున్న మామగారికి ఒకరు దిండు సర్దారు, ఒకరు కాళ్ళు పట్టారు. అన్నగారి మాట ఏనాడూ ఒప్పుకోని బాబాయి, ఆ రోజు ఆయన ఏమన్నా తలూపాడు.

"అదేమిట్రా, అన్నిటికీ ఒప్పేసుకుంటున్నావు? నాకేమైనా అయిందా?" అన్నారు మామగారు, పేపరు పక్కన పడేసి. అంతే, అందరూ ఘొల్లుమన్నారు. ఆ ఏడుపులకు హడలిపోయిన అల్లుడు, ఏమిటో ఎందుకో అడక్కుండా కారు తీసి మామగారిని, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

"ఏమిటి ఇబ్బంది?" అన్నారు డాక్టరు.

"ముందు పైపు మార్చాలట డాక్టరుగారూ! మా అల్లుడు పొద్దున మీతోనేగా మాట్లాడాడు?" అన్నారు అత్తగారు కళ్ళొత్తుకుంటూ.

అల్లుడికి విషయం అప్పటికి బోధపడింది. "అత్తయ్యగారూ, అది కారు!" అన్నాడు నీరసంగా.

డాక్టరు పడీ పడీ నవ్వారు. మామగారు మాత్రం నవ్వలేదు. "మరి నాకు రోజూ నీ కారులో ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఈ తలనొప్పేమిటి? నీ కారు కబుర్లు వినలేకేమో అనుకున్నానయ్యా."

"నాకూ ఆ దారిలోనే వస్తుంది మామయ్యగారూ," అన్నాడు అల్లుడు. "మీ సలహాల వల్లనుకున్నాను."

డాక్టరు నవ్వు ఆగిపోయింది. "అద్దాలు మూసుకునే వెళ్తారా?"

"ఏసీ కదండీ!"

రక్తపరీక్షలో ఇద్దరి ఒంట్లోనూ పొగ విషం చేరిందని తేలింది. ఇద్దరికీ పక్కపక్కనే ఆక్సిజన్ పెట్టారు. ఈలోగా మెకానిక్ వచ్చి కారు కింద చూస్తే, ముందు పైపు నిలువునా చీలి ఉంది. వెనకదే మార్పించి, అద్దాలు బిగించుకుని అందరూ దూరప్రయాణానికి బయల్దేరి ఉంటే?

అల్లుడు మాస్కు పక్కకు జరిపి అత్తగారి చేతులు పట్టుకున్నాడు. "అత్తయ్యగారూ, మీ చెవులు చల్లగా ఉండాలి. మీరు తప్పుగా వినబట్టి ఇవాళ మనందరం మిగిలాం," అన్నాడు. ఆవిడ అతని తల నిమిరి, "ఇకమీదట కూడా వింటూనే ఉంటాలే నాయనా," అన్నారు.

ముందు పైపే మారింది. మామా అల్లుళ్ళ తలనొప్పి మాయమై, ఇప్పుడు దారి పొడవునా ఇద్దరూ హాయిగా మాట్లాడుకుంటున్నారు. తలనొప్పల్లా వెనక సీట్లో కూర్చునే అత్తగారికే.