లారీ రివర్స్, రెండో భాగం

ప్రపంచంలోకెల్లా గొప్ప వీడియో గేమ్ యంత్రం మా షాపుకి వచ్చిందని సవినయంగా మనవి చేస్తున్నాను. దానికి ఏ లోపమూ లేదు. ఆటలు లేవు, అంతే.

అసలు లేవనడం అన్యాయం. ఒకటుంది. లారీని వెనక్కి నడిపి గోడౌన్ గుమ్మానికి ఆనించాలి. ఆనించాక, మళ్ళీ మొదట్నుంచీ ఆనించాలి.

నెలాఖరులోగా నలభై యంత్రాలు అమ్మకపోతే ఏజెన్సీ పక్క వీధి షాపుకి ఇచ్చేస్తామని కంపెనీ ప్రేమగా ఉత్తరం రాసింది. ఏజెన్సీ పోతే షాపు మూత. షాపు మూతపడితే పందొమ్మిదేళ్ళుగా నేను కూర్చున్న రిపేరు బల్లా పోతుంది. ఏడో తరగతితో ఆగిన చదువుకి ఇంకో బల్ల ఎవడూ వెయ్యడు.

మొదటి బేరం మందుల షాపావిడ.

"ఎన్ని ఆటలున్నాయయ్యా దీనికి?"

"ఒకటమ్మా," అన్నాడు యజమాని. "కానీ లారీ మీద దుమ్ము కూడా స్పష్టంగా కనబడుతుంది!"

"దుమ్ము మా ఇంట్లో ఊరికే కనబడుతుంది నాయనా. మా అక్కావాళ్ళ పాత యంత్రానికి మూడొందల ఆటలున్నాయి," అని వెళ్ళిపోయింది.

యజమాని ఆటలు తయారుచేసే సంస్థకి ఫోన్ చేశాడు. మీ ఊళ్ళో ఎంతమంది కొన్నారని వాళ్ళడిగారు. ఎవరూ కొనలేదన్నాడు. కొంటే ఆటలు చేస్తామన్నారు. ఆటలు చేస్తే కొంటారన్నాడు. ఈ సంభాషణ ఎంతో మర్యాదగా పదకొండు రోజులు సాగింది. రెండు వైపులా తెలివైనవాళ్ళే కావడం వల్ల ఏమీ జరగలేదు.

అప్పుడు యజమాని బావమరిది రంగప్రవేశం చేశాడు. "ఆటల్ని చూసి ఎవడు కొంటాడు బావా? కొనేవాళ్ళని చూసి కొంటారు."

మర్నాడు అలమార నిండా రెండొందల ఖాళీ డబ్బాలు కొలువుదీరాయి. ప్రతిదాని మీదా 'త్వరలో' అని అందమైన అక్షరాలు. షాపు బయట ఇరవైమంది చుట్టాలు వరుస కట్టారు. కౌంటరు దాకా వచ్చినవాళ్ళు పక్క తలుపులోంచి బయటికెళ్ళి మళ్ళీ చివర నిలబడాలని ఏర్పాటు. మూడో చుట్టు తిరిగేసరికి చివర ఎవరెవరో నిలబడి ఉన్నారు.

"ఏమిస్తున్నారండీ?"

"తెలీదు. అయిపోతోందట!"

వాళ్ళ మధ్య మందుల షాపావిడ. ఆవేళ వద్దన్నారు కదమ్మా అన్నాను.

"ఆవేళ ఎవరూ లేరుగా!"

సాయంత్రానికి మిగిలింది ఒక్కటి. చుట్టాల వరుసలో నిలబడ్డ యజమాని మేనత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని కదలనంది. "పొద్దుట్నుంచీ నిలబెట్టావు కదరా! ఊళ్ళో అందరికీ ఉంటే నాకుండద్దూ?"

నలభై అయ్యాయి. ఏజెన్సీ నిలిచింది, నా బల్లా నిలిచింది.

అంతమంది కొన్నారని విని ఆటల సంస్థ ప్రతినిధి స్వయంగా విచ్చేసి ప్రసంగించారు. "ఈ పట్టణ ప్రజల అభిరుచిని మేము శాస్త్రీయంగా అధ్యయనం చేశాం. కొన్నవారిలో నూటికి నూరుమంది లారీ రివర్స్ మాత్రమే ఆడుతున్నారు! ఇంతటి ఏకాభిప్రాయం మేమెక్కడా చూడలేదు. ప్రజల కోరికను శిరసావహించి లారీ రివర్స్ రెండో భాగం విడుదల చేస్తున్నాం. ఇందులో లారీ ఎర్రగా ఉంటుంది."

చప్పట్లు ఆగలేదు. నేనే ఆగలేక చెయ్యెత్తాను. "అయ్యా, అందులో ఉన్నది అదొక్కటే కదండీ?"

అందరూ నావైపు జాలిగా చూశారు. "ఏమీ అనుకోకండి, పెద్దగా చదువుకోలేదు," అన్నాడు యజమాని.

రెండో భాగం రేపు విడుదల. వరుస ఇప్పటికే వీధి మలుపు దాటింది. ఎర్ర లారీ మీద దుమ్ము ఇంకా బాగా కనబడుతుందట. నాది పదిహేడో నంబరు. నా వెనకున్నది మీరే కదూ? కాస్త తొయ్యకండి.