బటన్ నొక్కితే పొగ

"నా పాలనలో పొగ కూడా బటన్ నొక్కితే వస్తుంది" అని మా కౌంటీ కమిషనర్ డెవిట్ హ్రుస్కా గారు దాణా కొట్టు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. మేమంతా టోపీలు తీశాం. ఎండ మండిపోతోంది, విసురుకోవాలి కదా.

విషయం చిన్నది కాదు. టెక్సస్‌లో మా మూల మాంసానికి పొగ పట్టించలేనివాడికి పదవి పట్టదు. ప్రత్యర్థి మారెక్ ఓక్ దుంగలు కాల్చి వండుతాడు. మా కమిషనర్ కొన్నది పెల్లెట్ గ్రిల్. కరెంటు ప్లగ్గు, చెక్కపొట్టు గుళికలు, ఒక బటన్. మారెక్ మనుషులు దానికి "కాళ్ళున్న ఓవెన్" అని పేరు పెట్టారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా నాయకుడికి పొగరు ముందే ఉంది, పొగ వెనకాలే వస్తుందని మా ధైర్యం.

శనివారం విందు, మంగళవారం పోలింగ్.

శనివారం తెల్లవారుజామున గుళికల సంచీ మోసే గౌరవం నాకు దక్కింది. కమిషనర్ గారి భార్య ఆర్లీటా నాలుగు బ్రిస్కెట్లు, అంటే గొడ్డు రొమ్ము మాంసపు దిమ్మలు, ఫ్రిజ్‌లోంచి తీసి, చల్లగానే గ్రిల్లెక్కించింది.

"చల్లటి మాంసానికే పొగ బాగా అంటుకుంటుంది. మొదట్లో సన్నసెగ చాలు" అంది. అదనపు పొగ కోసం చిల్లుల గొట్టంలో గుళికలు పోసి, ముట్టించి, మాంసం పక్కన పెట్టింది. సన్నగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టు లేచింది పొగ.

"ఇది కెమెరాకి కనపడదే" అన్నారు కమిషనర్.

"నాలిక్కి కనపడుతుంది."

ఆయన మూత తెరిచి, పొగలో తలపెట్టి ఫొటోలు దిగారు. పేపరాయన "ఇంకొక్కటి" అన్నప్పుడల్లా ఇంకొక్కటి. మధ్యాహ్నం దాటాక ఓ అంచు కోసి నమిలారు.

"పొగే తగల్లేదు."

"నీ ముక్కు పొగలో నానిపోయింది, డెవిట్. స్నానం చేసి, కాస్త గాలి పీల్చుకుని రా."

"నాయకుడు రంగం వదలడు. ఇంకో గొట్టం పెట్టు."

పెట్టారు. నమిలారు. లేదు. మరో గొట్టం. ఆపైన తడి చెక్కపొట్టు. తెల్లటి పొగ గొర్రెలమందలా కదిలింది. ఇరుగుపొరుగు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకున్నారు. కానీ అంతకుముందే, రెండో గొట్టం మాట వినగానే ఆర్లీటా మూడు బ్రిస్కెట్లు వేడి ఆరకుండా తువ్వాళ్ళలో చుట్టి, ఖాళీ ఐస్‌పెట్టెలో సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మాంసానికి విశ్రాంతి కావాలి" అంది.

విశ్రాంతి ఎరగని నాయకుడు నాలుగోదానితో ఉండిపోయారు.

సాయంత్రం ఊరంతా వచ్చింది. ఆర్లీటా వంటింటి కిటికీలోంచి ప్లేట్లు అందించింది. మారెక్ పక్షం ముసలి ఎల్బర్ట్ రెండోసారి ప్లేటు చాపాడు.

"ఒరే డెవిట్, నీ ఓవెన్‌కి కాళ్ళే అనుకున్నాను, చేతులు కూడా ఉన్నాయిరా."

"అవి నా చేతులే" అన్నారు కమిషనర్, తెల్ల మేఘంలోంచి.

మంగళవారం భారీగా గెలిచారు.

బుధవారం పొద్దున అభినందించడానికి వెళ్ళాను. కమిషనర్ గారు తలస్నానం చేసి, కడిగిన ముత్యంలా కూర్చున్నారు. ఫ్రిజ్‌లో మిగిలిన ఆ నాలుగోదాంట్లోంచి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. వెంటనే రుమాల్లోకి ఉమ్మేశారు.

"తారు. అచ్చం తారు. ఇది మారెక్ వండి పంపిందే కదూ? ఇలాంటివాడికి కౌంటీ అప్పగిస్తే ఏమైపోయేది?"

"ఏమైపోయేదో" అంది ఆర్లీటా, కాఫీ పోస్తూ.

ఆయన ఇంకో ముక్క కుక్కకి విసిరారు. కుక్క వాసన చూసి, తోక ముడిచి, బల్ల కిందికి పోయింది.

"చూశారా" అన్నారు కమిషనర్ నాతో, కళ్ళు చెమరుస్తుండగా. "కుక్క కూడా మన పార్టీయే."