రెండో గుండీ

ఆ ఆదివారం పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. బ్యాంకు మేనేజరు సూటుకు ఆఖరి ఇస్త్రీ చేసి, మళ్లీ ముసుగుతన్ని పడుకోవడం. మేనేజరు మర్నాడు రిటైరవుతున్నాడు. సన్మాన సభకు ఆ సూటే వేసుకోవాలి. అంత మంచి బేరం మళ్లీ తగలదు.

ఆ పథకాన్ని ఒక గుండీ చెడగొట్టింది.

భార్య కోటు తొడుక్కుంటోంది. ఊరి చివర అడవిలాంటి పార్కు ఉంది. ఆదివారం వస్తే చాలు, ఆమె అక్కడికి నడకకు వెళ్లిపోతుంది. ఆ కోటుకు రెండో గుండీ ఊడి నెలలైంది. అడిగినప్పుడల్లా దర్జీ "రేపు కుడతాలే" అనేవాడు. ఇప్పుడక్కడ గుండీ ఉంది.

దగ్గరికెళ్లి చూశాడు. దారాన్ని గుండీ మెడకు బిగించి చుట్టారు. ముడి లోపలెక్కడో దాచారు. ఇది ఆషామాషీ చెయ్యి కాదు.

"ఎవరు కుట్టారు?"

"మీకు తీరిక లేకపోతే లోకంలో ఇంకెవరికీ ఉండదా? పోయిన వారం పార్కులో బెంచీ మీద ఆ పని కాస్తా అయిపోయింది."

"అదే, ఎవరూ అని."

"ఎవరైతేనేం, బాగుంది కదా," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ నవ్వు దర్జీ గుండెలో గుండుసూదిలా దిగింది. కోటు ఒంటి మీద ఉండగానే కుట్టి ఉంటాడు. దారాన్ని కత్తెరతో తెంపాడా, పళ్లతో కొరికాడా? పళ్లతోనే అయితే మొహం ఎంత దగ్గరికి రావాలో కొలతల మనిషికి వేరే చెప్పాలా? ఎదురు షాపు దర్జీ మీసాలు కళ్ల ముందు కదిలాయి. వాడు ఆదివారాలు షాపెందుకు మూసేస్తాడో ఇప్పుడర్థమైంది.

వెంటపడాలి. కానీ తన చొక్కాలన్నీ ఆమె ఉతికినవే. ఆమడ దూరంలో ఉన్నా గుర్తుపడుతుంది. ఇంట్లో ఆమె చెయ్యి తగలని బట్టలు మేనేజరు సూటొక్కటే. గంటసేపు వేసుకుంటే అరిగిపోతుందా?

పార్కులో చెట్లు ఆకాశాన్ని కప్పేశాయి. బాట మలుపు దగ్గర బెంచీ మీద ఆ కోటు, పక్కనే టోపీ పెట్టుకున్న మగమనిషి వీపు. ఆమె ఏదో అంది. అతను పగలబడి నవ్వాడు. తనతో ఆమె అంత నవ్వొచ్చే మాట చెప్పి ఎన్నాళ్లయిందో. దర్జీ ముళ్లపొదలో దూరి, పళ్లు నూరుకుంటూ చూశాడు.

ఎదురు షాపువాడు ఇంత లావా? పైగా ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంది.

ఆ భుజాన్ని తనెక్కడో కొలిచాడు. కొలవడమే కాదు, వాలు కనబడకుండా కోటు లోపల దూది కూడా పెట్టాడు. ఆ దూది ప్రస్తుతం తన భుజం మీదే ఉంది.

వెనక్కి జరగబోయాడు. ముళ్లకొమ్మ కోటు చేతిని పట్టుకుంది. పర్రుమంది.

"ఏయ్ పెద్దమనిషీ," కాపలాదారు ఈల వేశాడు. "పొదలోంచి ఆడవాళ్లను చూడ్డానికి సూటు కూడా వేసుకొచ్చావా? బయటికి రా."

నడకకు వచ్చినవాళ్లంతా మూగారు. మేనేజరు టోపీ సర్దుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, మీరా? నా సూటు ఎంతదాకా వచ్చిందని మీ ఆవిణ్ణే అడుగుతున్నా." ఎగాదిగా చూశాడు. "ఇక్కడిదాకా వచ్చిందన్నమాట."

"సరిపోయిందో లేదో చూస్తున్నానండీ."

"ముళ్లలోనా?"

"ఈయన మీకు తెలుసామ్మా?" అన్నాడు కాపలాదారు.

భార్య తీరిగ్గా చూసింది. "తెలుసు. బట్టలు కుడుతుంటారు, అప్పుడప్పుడూ."

తర్వాత సంచీలోంచి సూదీ దారం తీసింది. "కోటు విప్పండి."

దర్జీ బనియనుతో నిలబడ్డాడు. ఆమె బెంచీ మీద కూర్చుని చిరుగును మూసింది. ముడిని లోపల దాచి, దారాన్ని పళ్లతో కొరికింది.

"అంటే ఆ గుండీ... నువ్వేనా?"

"ఇన్నేళ్లూ మీ మిషను పక్కనే కూర్చున్నాను. కళ్లు మూసుకుని కూర్చున్నాననుకున్నారా?"

మేనేజరు ఆ కోటు చేతిని వేలితో తడిమి చూశాడు. "ఎక్కడ చిరిగిందో నాకే తెలియడం లేదు. ఇకమీదట మా ఇంటిల్లిపాదీ బట్టలు మీకేనమ్మా. మాస్టారూ, ఆ ప్యాంటు మాత్రం ఇంటికెళ్లాకే విప్పండి."

నెల తిరక్కుండా షాపులో రెండో మిషను వచ్చింది. జనమంతా దాని ముందే. ఎదురు షాపు మీసాల సంగతి దర్జీ మర్చిపోయాడు. ఇప్పుడతని కడుపుమంటంతా ఆ మిషను మీదే. ఒకరోజు తన చొక్కా గుండీ ఊడితే, వరసలో నిలబడి మరీ భార్యకు చూపించాడు.

ఆమె తలెత్తలేదు. "రేపు కుడతాలెండి."