దొర అత్తరు

ఆదివారం పొద్దున్నే కోరుట్ల నుంచి ఎల్లంతకుంటకు పెళ్ళిచూపులకు బయలుదేరాలి. కుమార్ కారులో కూర్చుని హారన్ కొడుతున్నాడు. అతని తండ్రి, సిమెంటు దుకాణం హన్మండ్లు, అద్దం ముందు నుంచి కదలడం లేదు. హన్మండ్లు చిన్నప్పుడు తన తండ్రి వెంట కల్లు ఇవ్వడానికి దొర ఉండే గడీకి వెళితే, దొర రాకముందే వట్టివేళ్ళతో చేసే ఖస్ అత్తరు వాసన వచ్చేది. అందరూ లేచి నిలబడేవారు. ఆ రోజుల్లో ఏ ఊరి దొరైనా అదే పూసుకునేవాడు. ఎన్నటికైనా ఆ అత్తరు పూసుకోవాలని హన్మండ్లు ముచ్చట. నిన్ననే జగిత్యాలలో దొరికింది. చుక్క చాలని అమ్మినవాడు చెప్పాడు. హన్మండ్లు సగం సీసా పూసుకున్నాడు.

"బాపూ, ఊపిరాడ్తలేదు," అన్నాడు కుమార్.

"అద్దాలు దించుకో. పెద్దింటోళ్ళ లెక్క పోవాలె."

కుమార్, ఆ ఊరి పిల్ల మనీషా ఫోన్లలో ఎప్పుడో ఒప్పుకున్నారు. ఇక మిగిలింది పిల్ల నాయనమ్మ లస్మవ్వ మాట. ఆమె కాదంటే ఆ ఇంట్లో ఏదీ జరగదు.

పిల్ల తండ్రి మల్లేశం ఎదురొచ్చి, "రాండ్రి, కూసోండ్రి," అన్నాడు. అంతలో లస్మవ్వ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆమెకు చూపు ఆనదు. గుమ్మం దగ్గరే ఆగి, చెప్పులు విడిచి, వంగి దండం పెట్టింది.

"బాంచెన్ దొరా!"

"దొర గాదే అవ్వా! మన మనీషాను సూడచ్చిండ్రు," అన్నాడు మల్లేశం.

"నా మనుమరాలినా? గడీకి పంప! పొమ్మను!"

కుమార్ ముఖం వాడిపోయింది. హన్మండ్లు నల్లా దగ్గరికి పరుగెత్తి సబ్బుతో తోముకున్నాడు. నీళ్ళు తగిలి ఖస్ వాసన ఇంకా లేచి గోడ దాటింది. పక్కింటి ముసలివాళ్ళు చెప్పులు చేతబట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. "దొర అచ్చిండటగదా?" అన్నారు. ఇక లస్మవ్వను నమ్మించడం ఎవరి తరమూ కాలేదు.

తన ముచ్చట కొడుకు పెళ్ళిని మింగేస్తోందని హన్మండ్లుకు ఏడుపొచ్చింది. తడి చేతిని ఆమె చేతిలో పెట్టాడు.

"అవ్వా, నేను గౌడ్ల హన్మండ్లును. వయసులున్నప్పుడు కల్లు గీయ తాళ్ళెక్కిన."

లస్మవ్వ అరచేయి తడిమింది. గట్టిపడ్డ కాయలు వేళ్ళకు తగిలాయి.

"గీ కాయలు దొరకెక్కడియి!" అని నవ్వింది. "మరి గీ వాసనేందిరా?"

"జగిత్యాలల కొన్ననే."

"కొంటె అత్తదా గిది?"

ఆమె అతని చేతిని ముక్కు దగ్గరికి తీసుకుని మరోసారి వాసన చూసింది. తర్వాత పిల్లనిస్తానంది. మిగిలిన సగం సీసా మాత్రం తనకే ఇమ్మంది.

నిశ్చితార్థం నాడు సిరిసిల్ల ఫంక్షన్ హాలులోకి లస్మవ్వ మనుమరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ముందు వరుసలోని ముసలివాళ్ళంతా ఎందుకో తెలియకుండానే ఒక్కొక్కరుగా లేచి నిలబడ్డారు.

లస్మవ్వ ఎవరినీ కూర్చోమనలేదు.