క్యాప్సూల్ కాపురం

నా కడుపును చంపింది మా అక్క జగ్గమ్మ. ఇందులో వాదనకు చోటు లేదు.

నా భార్య నారాయణమ్మ పోయాక, శుద్ధి నాడు, మైల సోకిందని ఇంట్లో మట్టికుండలన్నీ అక్క గోడ అవతల పడేసింది. ఆచారం! వాటితో పాటు తరవాణి కుండా పోయింది. మా అమ్మ నాటి పులుపు అది. రోజూ వార్చిన గంజి పోస్తూ, అడుగున కాస్త పాతది ఉంచుతూ నారాయణమ్మ దాన్ని చావనివ్వలేదు. పొద్దున్నే అందులో నానిన అన్నం, ఓ ఉల్లిపాయ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు కడుపు ఎక్కడుందో తెలీదు.

ఆ రోజు నుంచి అక్కతో మాటల్లేవు.

అయినా అయ్యలారా, నాకు మేలే జరిగింది! పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బిస్కట్లు, రాత్రి నెల్లిమర్ల హోటల్లో పరోటా. వంట రాని మగాడికి ఇంతకంటే సమతులాహారం ఏముంది? కడుపు మాత్రం జూట్ మిల్లులా మూడు షిఫ్టులూ మోగడం మొదలెట్టింది.

విజయనగరంలో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. మన పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయట. మనం తినేదే వాటికి తిండి. కూరగాయల పీచు, చోడి అంబలి, పులిసిన కూడు పెడితే మంచివి బతుకుతాయి. ఉత్త మైదా పెడితే అవి మాడి, అల్లరివి రాజ్యమేలతాయి. ఇన్నాళ్ళూ పొద్దున్నే ఏం తినేవారని అడిగారు. తరవాణి అనడానికి నామోషీ వేసి, టిఫిన్ అన్నాను. క్యాప్సూళ్ళు రాశారు.

ఎంత వరమండీ! ఒక్క గోళీలో అన్ని కోట్ల ప్రాణాలు! ఇక నన్ను ఒంటరివాడనే ధైర్యం ఎవరికుంది? అవి చొక్కా తిరగేసి తొడుక్కున్నావని దెప్పవు. చుట్ట పారేయమనవు. పైగా డబ్బా మీద ఎక్స్‌పైరీ డేటు ఉంటుంది. ఎప్పుడు పోతాయో ముందే తెలుస్తుంది. నారాయణమ్మ విషయంలో ఆ సౌకర్యం లేకపోయింది.

ఒక్కటే లోపం. వాటికీ తిండి పెట్టాల్సింది నేనే. పరోటా దెబ్బకు అవీ నిలవలేదు.

పోయిన నెల అక్క ఆమదాలవలసలో రైలెక్కి వచ్చింది. నేను తలుపు వేయబోతే సందులో స్టీలు క్యాన్ అడ్డం పెట్టి మూత తీసింది. ఆ పులుపు వాసన నాకు తెలుసు.

"నీ పెళ్ళాం కుండలోదేరా. అది ఉన్నప్పుడే, మా కూతురు దేవి పురిటికి సెంబుడు అట్టుకెళ్ళి మా కుండలో పోసినాను. అదే ఇంకా నడస్తన్నాది."

ముందే ఎందుకు చెప్పలేదన్నాను. నా మౌనవ్రతం అక్కడితో సరి.

"సెప్పనిస్తివేటి? వచ్చినప్పుడల్లా తలుపేసీసినావు."

ఏడాదిగా నా కడుపు మాడ్చింది అక్క కాదు, నా తలుపేనని మీరు అనుకుంటారు. అనుకోండి. కుండ పారేసింది మాత్రం ఆవిడే. దాన్ని నేను క్షమించలేదు.

కొత్త కుండ కొని క్యాన్‌లోది అందులో పోశాను. గంజి వార్చబోయి చెయ్యి కాల్చుకున్నాను. కడుపు ఎక్కడుందో ఇప్పుడు మళ్ళీ తెలీడం లేదు. అదంతా క్యాప్సూల్ మహిమ. పొద్దున్నే కుండ మూత తీసి నేను కాసేపు అక్కడే నిలబడడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఎందుకు నిలబడతానో మళ్ళీ వచ్చినప్పుడు అక్క అడిగింది. చెప్పలేదు. మీరూ అడగకండి. ఈ సంగతి ఇంకెప్పుడూ నా నోట రాదు.