కళ్ళజోళ్ళాయన సైకిలు బాగుచేసిన విధం

"ఆ అమ్మాయి సైకిలు షాపుల వెంట తిరుగుతోందండీ. పాత సైకిలు అమ్మేస్తోంది, పాపం!" అని పక్కింటి పిన్ని తన మొగుడితో అన్నదట. ఆ మొగుడు, రిటైరైన లారీ డ్రైవరు, వీధిలో అందరికీ బాబాయి. పొద్దున్నే గోడ మీదుగా ఆ కబురు కళ్ళజోళ్ళాయన చెవిన వేశాడు. కళ్ళజోళ్ళాయన నోట్లో బ్రష్షు అక్కడే ఆగిపోయింది.

ఆ అమ్మాయి ఆయన భార్య, ఆ సైకిలు ఆమెది. పెళ్ళికి ముందు కొండదారుల్లో పందేలు తొక్కిన మౌంటెన్ బైకు. స్కూటరు వెనక్కి తీస్తూ దాని వెనక చక్రం మీదికెక్కించి వంకర చేసింది ఈయనే. "రేపు బాగుచేయిస్తా" అన్నాడు. ఏళ్ళు గడిచినా ఆ రేపు రాలేదు. పాత స్నేహితురాళ్ళంతా ఈ ఆదివారం మళ్ళీ కొండెక్కుతున్నారని ఆమె చెప్పినప్పుడు కూడా ఊఁ కొట్టి ఊరుకున్నాడు.

ఆమె బయటికి వెళ్ళగానే తన కళ్ళజోళ్ళ షాపు తెరవడం మానేసి, కొత్త చక్రం కొనుక్కొచ్చాడు. తీరా చూస్తే ఇరుసు వెడల్పు, దాన్ని పట్టుకునే ఫ్రేము వెనక కాళ్ళ మధ్య సందు ఇరుకు. చక్రం అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "ఫ్రేము స్టీలైతే మెల్లిగా లాగండి, విచ్చుకుంటుంది. అల్యూమినియమైతే మాత్రం చెయ్యి పెట్టకండి, విరుగుతుంది" అన్నాడు.

"ఏదంటావ్ బాబాయ్?" అని సాయానికొచ్చిన బాబాయిని అడిగాడు.

"పాతకాలం సరుకు. స్టీలు కాక ఇంకేముంటుందిరా?"

"తేలిగ్గా ఉందే. గొట్టాలు కూడా లావుగా ఉన్నాయి."

"లావంటే బలమేగా! అంత అనుమానమైతే అయస్కాంతం పెట్టి చూడు."

ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తెచ్చి సీటు కింద పెట్టాడు. టక్కున అతుక్కుంది. అతుక్కున్నది అక్కడి ఇనప బోల్టుకని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కావలసిన జవాబు దొరికాక రెండోసారి అడిగేదెవరు?

రోజూ పదిమంది ముక్కులకు తగ్గట్టు కళ్ళజోళ్ళు వంచే చెయ్యి ఆయనది. అలవాటు ప్రకారం ముందు వేడిగాలి మిషను పట్టాడు. ఫ్రేము చలించలేదుగానీ, దాని మీదున్న ఆమె పందెం నంబరు స్టిక్కరు ముడుచుకుని ఊడిపడింది.

"పోనీలేరా, కాగితమేగా" అన్నాడు బాబాయి. చెరో కాలూ పట్టుకుని లాగారు.

"వస్తోంది, వస్తోంది! ఇంకొక్క పిసరు!"

ఫట్.

ఒక కాలు బాబాయి చేతిలోకి వచ్చేసింది. విరిగిన చోట తుప్పన్నది లేదు, తెల్లగా మెరుస్తోంది. కళ్ళజోళ్ళాయన అయస్కాంతాన్ని గొట్టానికి ఆనించాడు. జారి కింద పడింది.

"అల్యూమినియంరోయ్!" అన్నాడు బాబాయి, తనే కనిపెట్టినట్టు.

కళ్ళజోళ్ళకు వాడే జిగురు పూసి, దారం చుట్టి, కొత్త చక్రాన్ని మంచం కిందికి తోసి, సైకిలును గోడకు నిలబెట్టేసరికి గేటు చప్పుడైంది. ఆమె భుజానికి ఒక పాత చక్రం తగిలించుకుని, చెమటలు కక్కుతూ, నవ్వుతూ వచ్చింది.

"ఎన్ని షాపులు తిరిగానో! ఈ కొలత ఇప్పుడు రాదన్నారు. చివరికి ఒకాయన అటకమీంచి తీసిచ్చాడు. దీనికి సరిగ్గా పడుతుంది" అంటూ సైకిలు హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. అతికించిన కాలు ఊడి, ఆమె పాదాల దగ్గర పడింది.

గోడ మీదున్న పిన్ని తల చటుక్కున మాయమైంది.

"స్టీలనుకున్నా" అన్నాడు కళ్ళజోళ్ళాయన నేల చూస్తూ. "షాపువాణ్ణి అడిగా. బాబాయిని అడిగా. అయస్కాంతం కూడా పెట్టి చూశా."

ఆమె స్టిక్కరు తీసి వేళ్ళతో సాపు చేసింది. అది మళ్ళీ ముడుచుకుంది.

"తొక్కినదాన్ని నేను, ఈ ఇంట్లోనే ఉంటున్నా. నన్నొక్కదాన్నే అడగలేదు మీరు."